గడ్డం కింద ఆ గాటు

మర్రిపాలెం,
విశాఖపట్నం.

చిన్నా,

ఆశీస్సులు. ఇక్కడ అందరం బాగున్నాం. ఉక్క మాత్రం తగ్గలేదు. అమ్మ మోకాలు నొప్పి కాస్త నయం. మొన్న శనివారం సింహాచలం వెళ్లి నీ పేరున అర్చన చేయించాం.

బుజ్జి గృహప్రవేశం ఫొటోలు చూశాం. పట్టుపంచె నీకు బాగా కుదిరింది. ఎడమ దవడ కింద ఏదో గాటు కనిపించింది. అమ్మ ఫోన్లో దాన్ని పెద్దది చేసి నాలుగుసార్లు చూసి, నాకూ చూపించింది. చిన్నత్తేమో నువ్వు బండి మీంచి పడ్డావని, మాకు చెప్పొద్దన్నావని ఎవరో అన్నారంటోంది. ఇరవై రోజులుగా ఫోన్ ఎత్తవు. ‘బిజీ, తర్వాత చేస్తా’ అని ఒక్క ముక్క మెసేజ్. నేనేం టెన్షన్ పడటం లేదు. సంక్రాంతికి వచ్చి నువ్వు వెళ్లాక బీరువాలో తాతయ్య గడ్డం గీసుకునే కత్తి కనపడలేదు. ఆ గాటు దానిదేనని నా నమ్మకం. బండి మీంచి పడితే చర్మం గీరుకుపోతుంది, అంత సన్నగా, తిన్నగా తెగదు.

తీసుకెళ్లినందుకు కోపం లేదు. అది నీకు రావలసిందే. కానీ దానికి పదును తెచ్చే తోలు పట్టా ఇక్కడే మేకుకి వేలాడుతోంది. అంటే పట్టా మీద తియ్యకుండానే గీసుకుంటున్నావు. మొద్దుబారిన కత్తిని నొక్కాలనిపిస్తుంది, నొక్కితే తెగుతుంది. పట్టా పంపుతున్నాను. గీసుకునే ముందు ప్రతిసారీ రానూపోనూ ముప్పైసార్లు తియ్యి. కత్తి వెన్ను ముందు నడవాలి, అంచు వెనక రావాలి. చివరికొచ్చాక వెన్ను మీదే దొర్లించి తిప్పు. అంచు మీద తిప్పితే తోలు తెగుతుంది. పట్టా కింది చివర అర్ధచంద్రంలా ఉన్న గాటు నేను అలా చేసిందే. సానరాయి జోలికి మాత్రం వెళ్లకు. నాలుగైదు నెలలకోసారి ఇక్కడికి తీసుకురా, నేను పట్టి ఇస్తాను. ఆ పని మీదైనా ఒకసారి ఇల్లు చూసి వెళ్తావు.

హుద్‌హుద్ తుఫాను గుర్తుందా? 2014 అక్టోబర్ 12, ఆదివారం. ఆ తర్వాత నాలుగో రోజుకి కూడా కరెంటు లేదు, కుళాయిలో నీళ్లు లేవు, పాలకి లైన్లు. తాతయ్య వెళ్లే సెలూన్ రేకులు ఎగిరిపోయాయి. ఆయన చేతులు అప్పటికే వణికేవి, సొంతంగా గీసుకోలేడు. గడ్డం తెల్లగా మొలిచి, మాటిమాటికీ తడుముకుంటూ చిన్నబోయి కూర్చున్నాడు. అమ్మ బావి నీళ్లు ఒక చెంబెడు కట్టెల మీద కాచింది. పడిపోయిన వేపచెట్టు పక్కనే వాకిట్లో కుర్చీ వేశాం. అద్దం పట్టుకుంది నువ్వే, పదమూడేళ్లవాడివి. వేడి తువ్వాలు రెండు మూడు నిమిషాలు చెంపల మీద ఉంచి, బ్రష్షుతో నురగ దట్టంగా పట్టించాను. నా గడ్డం ఎన్నేళ్లుగా గీసుకుంటున్నా ఇంకొకరి మెడ మీద కత్తి పెట్టడం అదే మొదలు. నేను గట్టిగా నొక్కినప్పుడల్లా తాతయ్య నా మోకాలి మీద వేలితో రెండుసార్లు తట్టేవాడు. చివరికి నా మణికట్టు పట్టుకుని, ‘కత్తి బరువు చాల్రా, నీ బరువు వెయ్యకు’ అన్నాడు. ఆ తర్వాత వాలు కుదిరింది. కత్తి వెంట్రుకల్ని కోసే చిన్న గరగర చప్పుడు వినిపించింది. గొంతు కాయ దగ్గర చర్మాన్ని పక్కకి లాగి, ఆ మెత్తని చోట గీశాను. అంతా అయ్యాక ఆయన అరచెయ్యి కింది నుంచి పైకి చెంప మీద రాసుకుని, ‘ఇప్పుడు మనిషినయ్యాను’ అన్నాడు. నువ్వు అద్దం దించేసి ఆయన చెంప ముట్టుకుని చూశావు. ఆ తర్వాతి వేసవికి ఆయన లేడు.

అందుకే చెబుతున్నా, విను. కత్తి చర్మానికి ముప్పై డిగ్రీల వాలులో ఉండాలి. రెండో చేత్తో చర్మాన్ని బిగలాగి పట్టుకో. ముందు వెంట్రుకల వాలునే గియ్యి, ఎదురు గీత అలవాటయ్యేదాకా వద్దు. కత్తి ఎప్పుడూ అంచు వెంబడి పక్కకి జారకూడదు, తెగేది అలాగే. దవడ మూల దగ్గర, అంటే నీకు గాటు పడ్డ చోటే, వెంట్రుకల వాలు మారిపోతుంది. అక్కడ ముందు వేళ్లతో తడిమి చూసుకుని అంగుళం అంగుళంగా వెళ్లు. బోరు నీళ్లకి నురగ సరిగ్గా రాదు, మంచినీళ్లు ఒక గ్లాసు వేడి చేసుకో. ఆఫీసుకి ఆలస్యమవుతుంటేనో, రాత్రి నిద్ర లేకపోతేనో ఆ కత్తి ముట్టుకోకు, సెలూన్‌కి వెళ్లు. వాళ్లు బ్లేడు విరిచి కొత్త ముక్క పెడుతున్నారో లేదో చూసుకుని కూర్చో. గీసుకున్నాక చన్నీళ్లు, ఆపైన తడి పటిక. కత్తిని ఆరబెట్టి, ఒక్క చుక్క మిషన్ నూనె రాసి గదిలో దాచు. ఇక్కడి ఉప్పుగాలికే తుప్పు పడుతుందనుకుంటావేమో, నీ బాత్రూం తేమకైనా పడుతుంది. అన్నట్టు, టీటీ ఇంజక్షన్ చేయించుకున్నావా?

శుక్రవారం బాబాయ్ గోదావరి ఎక్స్‌ప్రెస్‌లో వస్తున్నాడు. పట్టా, పటిక గడ్డ, అమ్మ చేసిన జంతికలు ఇచ్చి పంపుతున్నాం. స్టేషన్‌కి నువ్వే వెళ్లి తీసుకో. నిన్నోసారి వెలుతురులో నిలబెట్టి చూడమని వాడికి చెప్పాను. ఒకవేళ బండి మీంచే పడ్డావనుకో, అయినా చెప్పు, ఒక్క మాట అనను. ఆదివారం పొద్దున్న అమ్మ కనకమహాలక్ష్మి గుడికి వెళ్తుంది. ఎనిమిదింటికి నేనొక్కడినే ఉంటాను, అప్పుడు ఫోన్ చెయ్యి.

నాన్న