స్పీకర్లు కొనేముందు ఏ ఆల్బమ్ వినాలి?

సంపాదకులకు నమస్కారం.

పండుగ అమ్మకాలు మొదలయ్యాయంటే చాలు, ఇంటి స్టీరియోకు స్పీకర్లు ఎలా ఎంచుకోవాలో పత్రికల్లో వ్యాసాలు వస్తుంటాయి. వాట్లు, వూఫర్ సైజు, బ్లూటూత్, వాయిదాల పద్ధతి అన్నీ రాస్తారు. షోరూమ్‌లో ఏం పెట్టి వినాలన్న దగ్గరకొచ్చేసరికి ‘మీకు నచ్చిన పాట పెట్టించుకోండి’ అని ఒక్క ముక్కతో తేల్చేస్తారు. పాట ఎంత గొప్పదైనా రికార్డింగ్ బాగోకపోతే దానితో స్పీకరు గుణం తెలియదు. వేలు, లక్షలు పోసి కొనే పాఠకులకు ఈ సంగతి వివరంగా చెప్పాలనే ఈ ఉత్తరం.

కొత్త సినిమా హిట్లతో వచ్చే చిక్కు ఒకటుంది. ఫోన్‌లో, కారులో, బస్సులో ఎక్కడ పెట్టినా గట్టిగా వినపడాలని మాస్టరింగ్‌లో, అంటే విడుదలకు ముందు చేసే తుది మెరుగులో, శబ్దాన్ని ఒక హద్దు దాటనివ్వని లిమిటర్ వేసి నొక్కేస్తారు. డ్రమ్ దెబ్బ మొదట్లో ఉండే పదును తెగిపోతుంది. మెల్లగా పాడిన చరణానికీ, కోరస్ అందుకున్న పల్లవికీ మధ్య హెచ్చుతగ్గులు మిగలవు. అలాంటి పాట మీద నాసిరకం స్పీకరూ మంచి స్పీకరూ దాదాపు ఒకేలా మోగుతాయి. పైగా 80-100 హెర్ట్జ్ (సెకనుకు అన్ని కంపనాలు) దగ్గర కావాలని బేస్, అంటే కింది స్వరాల మోత, ఉబ్బించిన చవక స్పీకరే ‘అదిరింది’ అనిపిస్తుంది. ఇది మన సినిమాలకే పరిమితమైన జబ్బు కాదు. 2008లో మెటాలికా అనే అమెరికా రాక్ బృందం ‘డెత్ మాగ్నెటిక్’ విడుదల చేసినప్పుడు సీడీలో పాటలు నలిగిపోయి ఉన్నాయనీ, అవే పాటలు గిటార్ హీరో అనే వీడియో గేమ్‌లో అంతకన్నా తేటగా ఉన్నాయనీ శ్రోతలే పట్టుకున్నారు.

మరి ఏది వినాలి? ఒక్కటే చెప్పమంటే అమెరికా గిటారిస్టు రై కూడర్, మన విద్వాంసుడు విశ్వమోహన్ భట్ కలిసి వాయించిన ‘ఎ మీటింగ్ బై ద రివర్’. 1992 సెప్టెంబరులో కాలిఫోర్నియాలోని శాంటా బార్బరాలో ఒక ప్రార్థనా మందిరంలో దాన్ని రికార్డు చేశారు. మరుసటి ఏడాది వాటర్ లిలీ అకూస్టిక్స్ అనే కంపెనీ విడుదల చేసింది, 1994లో గ్రామీ వచ్చింది. స్లైడ్ గిటార్, మోహన వీణ (భట్ గిటారును మార్చి చేసుకున్న వాద్యం), తబలా, దుంబెక్ అనే చిన్న డోలు. మొత్తం నలుగురే మనుషులు. ఇంజినీరు కవిచంద్రన్ అలెగ్జాండర్ ఒక్కో వాద్యానికి విడిగా మైకు పెట్టి తర్వాత కలిపే దారి పట్టలేదు. అలన్ బ్లూమ్‌లైన్ 1931లో ఇంగ్లండులో పేటెంటుకు పెట్టిన పద్ధతిని వాడారు: ఒకే చోట, ఒకదానికొకటి 90 డిగ్రీల కోణంలో ఉండే రెండు మైకులు. ఈ రకం మైకులు ముందు నుంచీ వెనక నుంచీ కూడా శబ్దం తీసుకుంటాయి కాబట్టి ఆ మందిరం గోడల ప్రతిధ్వని దానంతటదే వచ్చి చేరుతుంది.

ఇందులో వినాల్సినవి రెండు. తీగ మీద స్టీలు కడ్డీ జారుతూ స్వరం పైకి పాకుతున్నప్పుడు వాద్యం మాత్రం కూర్చున్న చోటే ఉండాలి. స్వరంతోపాటు వాద్యం కూడా పక్కకు జరిగినట్టు అనిపిస్తే జత స్పీకర్లు రెండూ సమానంగా లేవన్నమాట, లేదా ఒకవైపు గోడ బాగా దగ్గరగా ఉందన్నమాట. రెండోది, మీటు ఆగాక గదిలో మిగిలే శబ్దం. అది మెల్లగా సన్నబడుతూ పోవాలి. పెట్టె చెక్క పలచనైతే ఆ తోకను పెట్టె తన సొంత మోతతో కప్పేస్తుంది. చవక స్పీకరు ముందు దొరికిపోయేది ఇక్కడే.

తెలుగు శ్రోతకు ఇంకో సౌలభ్యం ఉంది. నాదస్వరం, డోలు, వయొలిన్, మృదంగం మైకు లేకుండా ఎలా ఉంటాయో గుళ్ళోనో పెళ్ళిలోనో పాఠం చెప్పే ఇంట్లోనో విన్న చెవులు మనవి. సింథసైజర్ శబ్దం అసలు ఎలా ఉండాలో తేల్చి చెప్పడానికి కొలబద్ద లేదు. మృదంగానికి ఉంది. కుడి మూత మీది నల్లటి పూత వల్ల దాని అనుస్వరాలు (అసలు స్వరంతోపాటు మోగే పై స్వరాలు) శ్రుతిలో కుదురుతాయని సి.వి.రామన్ 1920లోనే చూపించారు. అందుకే ‘నం’, ‘ధీం’ దెబ్బల్లో స్పష్టమైన స్వరం వినపడాలి. ఆ స్వరం పోయి ఉత్త ‘టక్’ మిగిలితే స్పీకరు మధ్య శ్రేణిలో లోపం ఉంది. ఎడమ మూతకు రవ్వ ముద్ద అద్దుతారు కదా, దాని మీద ‘తోం’ కొట్టి మణికట్టుతో నొక్కి సాగదీసే గుంకీలో శబ్దం కిందినుంచి పైకి వంగడం తెలియాలి. పోర్టు (బేస్ పెంచడానికి పెట్టెకు పెట్టే గాలి రంధ్రం) ఉన్న చిన్న స్పీకర్లు చాలావరకు ఆ వంపును మింగేసి ప్రతి దెబ్బనూ ఒకే ‘ధబ్’గా వినిపిస్తాయి. తంబురాకైతే తీగలు ఆనే గుర్రం (బ్రిడ్జి) మీద తీగ కింద దూర్చే దారం వల్ల పై స్వరాలు విచ్చుకుంటూ ఉంటాయి. గరుకు ట్వీటరులో (పై స్వరాలు పలికించే చిన్న స్పీకరులో) అవి దోమల రొదలా మారతాయి. ఎలక్ట్రానిక్ తంబురా పెట్టిన ఆల్బమ్‌లు ఈ పరీక్షకు పనికిరావు.

అన్ని కర్ణాటక సంగీత ఆల్బమ్‌లూ పనికొస్తాయనుకోకూడదు. సభల్లో రికార్డు చేసినవాటిలో చాలావరకు వేదిక మీది మైకుల శబ్దాన్నే మిక్సర్ నుంచి నేరుగా తీసుకుంటారు. మృదంగం రెండు మూతలకూ రెండు మైకులు పెట్టి ఒకదాన్ని పూర్తిగా ఎడమకూ, ఇంకోదాన్ని పూర్తిగా కుడికీ తోసేస్తే రెండడుగుల మృదంగం గది అంత వెడల్పుగా వినపడుతుంది. పైన కృత్రిమ ప్రతిధ్వని. గుర్తుపట్టడం తేలికే: గాయకుడు ఊపిరి తీసుకునే క్షణంలో గొంతుకు పెద్ద హాలు తోక కనిపించి, పక్కనున్న మృదంగానికి అది లేకపోతే ఆ హాలు మిక్సింగులో పుట్టిందే. సంగీతంగా అది ఎంత గొప్ప కచేరీ అయినా స్పీకరు పరీక్షకు పక్కన పెట్టాలి.

బ్లాక్ అండ్ వైట్ కాలం నాటి ఘంటసాల, సుశీల పాటలు మోనోలో (రెండు స్పీకర్లలోనూ ఒకే శబ్దం) ఉంటాయి కాబట్టి స్టీరియో పరీక్షకు పనికిరావని చాలామంది అనుకుంటారు. నిజానికి ఒక ముఖ్యమైన పరీక్షకు వాటిని మించినవి లేవు. మోనో పాటలో గొంతు రెండు స్పీకర్ల నడిమధ్య, ఒక్క బిందువు దగ్గర నిలవాలి. గది అంతా పరుచుకుని, బేస్ పలచబడితే ఒక స్పీకరుకు ఎరుపు, నలుపు వైర్లు తారుమారయ్యాయి. గొంతు ఒక పక్కకు ఒరిగితే ముందు యాంప్లిఫయర్ దగ్గర స్పీకర్లకు వెళ్ళే ఎడమ, కుడి వైర్లను మార్చి పెట్టండి. ఒరుగు కూడా పక్క మారితే తప్పు యాంప్‌లోనో అంతకు ముందో ఉంది. మారకపోతే స్పీకర్లనే ఇటుది అటు పెట్టి చూడండి. అప్పుడూ మారకపోతే గదే కారణం. మోనోను కృత్రిమంగా స్టీరియో చేసిన ప్రతులు కూడా అమ్ముతున్నారు, అవి వద్దు. పాత పాటల్లో పై ఫ్రీక్వెన్సీలు తక్కువ కాబట్టి ట్వీటరు మీద వాటితో తీర్పు చెప్పకూడదు.

బేస్ విషయంలో స్పీకరు కన్నా గది ఎక్కువ మోసం చేస్తుంది. పన్నెండడుగుల పొడవున్న గదిలో 47 హెర్ట్జ్ దగ్గర, పదడుగుల వెడల్పుకు 56 హెర్ట్జ్ దగ్గర శబ్దం గోడల మధ్య నిలిచిపోయి ఉబ్బుతుంది. డబుల్ బేస్ అనే పెద్ద వయొలిన్ లాంటి వాద్యం అట్టడుగు తీగ 41 హెర్ట్జ్ కాబట్టి దాని కింది స్వరాలన్నీ ఈ పరిధిలోనే పడతాయి. అమెరికా జాజ్ విద్వాంసుడు మైల్స్ డేవిస్ ఆల్బమ్ ‘కైండ్ ఆఫ్ బ్లూ’ మొదటి రచనలో బేస్ వినండి. ఒక స్వరం మాత్రమే గుమ్మని లేచి మిగిలినవి మామూలుగా ఉంటే అది స్పీకరు తప్పు కాకపోవచ్చు, సోఫాను వెనక గోడకు ఆనించడం వల్ల కావచ్చు. పన్నెండడుగుల గదిలో తల వెనక గోడకు నాలుగున్నర అడుగుల ముందుండేలా కూర్చుని మళ్ళీ వినాలి. సరిగ్గా గది మధ్యలో కూర్చుంటే ఆ 47 హెర్ట్జ్ దాదాపు మాయమవుతుంది, అదీ మోసమే.

అదే ఆల్బమ్ విషయంలో ఏ ప్రతి అన్నది కూడా చూడాలి. 1959లో న్యూయార్క్‌లోని కొలంబియా 30వ వీధి స్టూడియోలో రికార్డు చేస్తున్నప్పుడు ఒక టేపు యంత్రం కాస్త నెమ్మదిగా తిరగడంతో ఎల్‌పీ మొదటి వైపు మూడు రచనలూ దశాబ్దాలపాటు కొంచెం హెచ్చు శ్రుతిలో వినిపించాయి. 1990లలో వచ్చిన ప్రతుల్లో దాన్ని సరిచేశారు. శ్రుతి పట్టింపు ఉన్నవాళ్ళు ఆ తర్వాతి ప్రతే వెతుక్కోవాలి.

ఫైలు సంగతి. బాగా కుదించిన 128 కేబీపీఎస్ ఎంపీత్రీలో సాధారణంగా 16 కిలోహెర్ట్జ్ పైన ఏమీ ఉండదు. దాన్నే ఫ్లాక్‌గా (నాణ్యత పోకుండా దాచే ఫైలు రకం) మార్చి ‘లాస్‌లెస్’ అని పంచేవాళ్ళున్నారు. స్పెక్ అనే ఉచిత సాఫ్ట్‌వేరులో ఫైలు తెరిచి 16 కిలోహెర్ట్జ్ దగ్గర గీత గీసినట్టు ఆగిపోయిందేమో చూస్తే చాలావరకు బయటపడుతుంది. వాయిద్యాల్లేని ఒంటి గొంతు కూడా లోపాల్ని దాచలేదు. ఎంపీత్రీ తయారీలో కీలకమైన కార్ల్‌హైంజ్ బ్రాండెన్‌బర్గ్ దానికి మెరుగులు దిద్దింది అమెరికా గాయని సుజాన్ వేగా ‘టామ్స్ డైనర్’ పాటతోనే. ఆమె 1987 ఆల్బమ్‌లో అది వట్టి గొంతుతోనే ఉంటుంది. అందులో ‘స’, ‘ష’ శబ్దాలు చెవిని కోస్తే ట్వీటరు 5-8 కిలోహెర్ట్జ్ మధ్య ఎగదోస్తోంది.

ఇక షోరూమ్‌లో. సబ్‌వూఫర్, టోన్ కంట్రోల్స్, లౌడ్‌నెస్ బటన్ ముందు ఆపించండి. పాటను బ్లూటూత్ మీద పంపకుండా పెన్‌డ్రైవ్‌లోనో సీడీలోనో ఇవ్వండి. రెండు జతల్ని పోల్చేటప్పుడు ఒక డెసిబెల్ హెచ్చుగా మోగేదే మేలుగా తోస్తుంది, అది గట్టిదనమని మనసుకు తట్టదు. కూర్చునే చోట ఫోనులో సౌండ్ మీటర్ యాప్ పెట్టి, పింక్ నాయిస్ (అన్ని స్థాయిల స్వరాలూ కలిసిన హోరు) వేయించి, రెండింటినీ 75 డెసిబెల్స్ దగ్గరకు తెప్పించండి. యాప్ అంకె కచ్చితంగా లేకపోయినా ఫర్వాలేదు, రెండిటికీ అదే ఫోను, అదే చోటు అయితే చాలు. ఆల్బమ్‌లు మూడు నాలుగు చాలు. ఒక్కోదాంట్లో రెండు నిమిషాల భాగం ముందే ఇంట్లో బాగా విని పెట్టుకోవాలి. టెలార్క్ కంపెనీ 1979 నాటి ‘1812 ఓవర్చర్’ (చైకోవ్‌స్కీ రచన) రికార్డులోని ఫిరంగి మోతల్ని మాత్రం అయిదంగుళాల వూఫర్ల మీద పెద్ద శబ్దంతో పెట్టించకండి. పోర్టు ట్యూన్ చేసిన ఫ్రీక్వెన్సీకి దిగువన కోన్‌కు గాలి ఆసరా ఉండదు, దాన్ని కదిపే కాయిల్ హద్దు దాటి కొట్టుకుని పాడవుతుంది.

మీకొక విన్నపం. ఆదివారం సంచికలో సంగీత ఆల్బమ్‌ల సమీక్షలు వేసేటప్పుడు రాగం, తాళం, గాయకుల వివరాలతోపాటు రికార్డింగ్ ఏ ఏడాది, ఏ స్టూడియోలో లేదా ఏ సభలో జరిగింది, ప్రతిధ్వని కలిపారా లేదా, ఏ ప్రతి విన్నారు అన్నది రెండు వాక్యాల్లో రాయించండి. పాత టేపుల్ని మళ్ళీ విడుదల చేసే కంపెనీలు కూడా మెరుగులు దిద్దిన ప్రతి పక్కనే ఏమీ కలపని ప్రతినీ ఇవ్వాలని మీ పత్రిక తరఫున అడగండి.

ఇట్లు,
ఒక శ్రోత,
రాజమహేంద్రవరం