తాబేలుని ఒరిజినల్ ప్యాకింగ్‌లో పెట్టి పంపమంటారా?

కస్టమర్ సపోర్ట్ వారికి,

విషయం: సముద్ర తాబేలుకి అతికించిన శాటిలైట్ ట్యాగ్ పాడవడం, దానికి మీరిచ్చిన జవాబు

"పాడైన పరికరాన్ని ఒరిజినల్ ప్యాకింగ్‌లో పంపండి, చూసి వారంటీ సంగతి చెప్తాం" అని మెయిల్ పెట్టారు. ఆ పరికరం ఒక ఆలివ్ రిడ్లే వీపు మీద ఉందండీ. ఆ తాబేలు బంగాళాఖాతంలో ఎక్కడో ఉంది. ఎక్కడుందో తెలియడానికే కదా మీ దగ్గర అది కొన్నది!

నా మొదటి మెయిల్ ఎవరూ పూర్తిగా చదివినట్టు లేదు కాబట్టి మళ్ళీ చెప్తున్నాను. రేడియో సిగ్నల్ సముద్రపు నీళ్ళలోంచి బయటికి రాదు, అందుకే ఈ ట్యాగుల్లో ఉప్పునీటి స్విచ్ ఉంటుంది. మునిగి ఉన్నంతసేపూ ట్రాన్స్‌మిటర్ ఆగిపోవాలి, తాబేలు ఊపిరి కోసం పైకి తేలినప్పుడు మాత్రమే ఆర్గోస్ ఉపగ్రహాలకి సందేశం పంపాలి. మా ట్యాగేమో నీళ్ళలో ఉండి కూడా పొడిగా ఉన్నాననుకుంది. మాకు చేరిన కాసిని సందేశాల్లో కౌంటర్ (ట్యాగ్ ఎన్నిసార్లు సందేశం పంపిందో చెప్పే లెక్క) చూస్తే ఏ తాబేలూ అన్నిసార్లు పైకి తేలదు, ఒక్కో సందేశానికీ బ్యాటరీ వోల్టేజీ తగ్గుతూ వచ్చి, ఆ తర్వాత ఇక ఏమీ లేదు. నెలల తరబడి వస్తుందన్న బ్యాటరీ కొద్ది రోజుల్లోనే నీళ్ళపాలైంది.

దానికి మీ ఇంజినీరు గారు నాచు పట్టి ఉండొచ్చన్నారు. అంత తొందరగానా? పైగా నాచు తడిని పట్టి ఉంచుతుంది, అలాంటప్పుడు స్విచ్ తడి దగ్గర ఇరుక్కోవాలి గానీ పొడి దగ్గర ఎందుకు ఇరుక్కుంటుంది? అంతెందుకు, అదే బ్యాచ్‌లో వచ్చిన రెండో ట్యాగ్‌ని ఆర్కే బీచ్ నుంచి తెచ్చిన బకెట్ నీళ్ళలో ముంచితే అదీ ఆగకుండా పంపుతూనే ఉంది. వీడియో జత చేశాను.

డబ్బు సంగతి తర్వాత. ఇది వన్యప్రాణి సంరక్షణ చట్టం 1972 కింద షెడ్యూల్ 1లో, అంటే అత్యధిక రక్షణ ఉన్న జాబితాలో ఉన్న జీవి, అటవీశాఖ అనుమతి లేనిదే ముట్టుకోకూడదు. రాత్రిపూట సాగర్‌నగర్ తీరానికి వచ్చిన తల్లి తాబేలు గుడ్లు పెట్టి గుంట పూడ్చేదాకా ఆగి, సముద్రంలోకి వెళ్ళబోతున్నదాన్ని చెక్క చట్రంలో ఆపి, డిప్ప శుభ్రం చేసి, ఎపాక్సీ జిగురు గట్టిపడేదాకా కదలనివ్వకుండా ఉంచాం. అదంతా ఇప్పుడు దానికి ఊరికే పెట్టిన బాధ. పైగా పనిచేయని ముద్దొకటి మోసుకు తిరుగుతోంది. మీ బ్రోచర్‌లో తాబేలు బరువులో 1 శాతం కూడా లేదని గొప్పగా వేసుకున్నారు గానీ, ఈదే జంతువుకి అసలు ఇబ్బంది బరువు కాదు, నీళ్ళకి అడ్డుపడటం.

ఏప్రిల్ 15న చేపల వేట నిషేధం మొదలయ్యేలోపు ఈ తాబేళ్ళు బోట్లు తిరిగే చోట ఎంతసేపు గడుపుతాయో చూద్దామని ఈ పని పెట్టుకున్నాం. ఈ సీజన్ పోయింది.

రెండు ట్యాగులకీ కొత్తవి ఇవ్వండి, ఈ బ్యాచ్‌కి ఫ్యాక్టరీలో ఉప్పునీటి పరీక్ష చేసి ఉంటే ఆ ఫలితాలు పంపండి. అన్నిటికంటే ముందు, ఇదే బ్యాచ్ కొన్న మిగతావాళ్ళకి ఈరోజే మెయిల్ పెట్టండి, వాళ్ళు ఇంకో తాబేలుకి అతికించకముందే.

ఇట్లు,
ఒక పరిశోధక విద్యార్థి,
విశాఖపట్నం