పాఠాల పెట్టె కొనేముందు

సంపాదకులు గారికి,

నమస్కారములు.

పసిపిల్లలను బడికి పంపకుండా ఇంటి వద్దనే చదివించుకోవాలని నిర్ణయించుకున్న కుటుంబాలు మన విశాఖపట్నంలో అక్కడక్కడ కనిపిస్తున్నాయి. వారిలో క్రైస్తవ కుటుంబాలు తమ విశ్వాసానికి తగిన కరికులం కోసం వెతికి, చివరకు అమెరికా నుంచి తెప్పించుకునే పుస్తకాల సెట్ల వద్ద ఆగుతున్నాయి. ప్రాథమిక పాఠశాల ఉపాధ్యాయినిగా పదవీ విరమణ చేసి, మా సంఘంలో సండే స్కూల్ నడుపుతున్న నన్ను వేసవి సెలవుల్లో తల్లులు అడిగే ప్రశ్న ఒక్కటే: "ఏ సెట్ కొనమంటారు టీచర్ గారూ?" ఐదారేళ్ల బిడ్డ కోసం ఏ సెట్‌నూ మొత్తంగా కొననవసరం లేదని, సబ్జెక్టు వారీగా ఏరుకోవాలని, ఆ ఏరుకోవడం తెలుగుతో మొదలుపెట్టాలని నేను వారికి చెబుతూ వస్తున్నాను. అలా ఎందుకు చెబుతున్నానో ఈ ఉత్తరంలో కొంత వివరంగా రాయదలచాను.

ఆ సెట్లన్నీ ఒకే తీరువి కావు. ఫ్లోరిడాలోని పెన్సకోలా నుంచి వచ్చే అబెకాలో పద్ధతి, పునశ్చరణ, రాతపని చాలా ఎక్కువ; తరగతి గదిలో ఉపాధ్యాయురాలు ముప్పైమంది చేత చేయించే పనిని తల్లి ఒక్క బిడ్డ చేత చేయిస్తున్నట్టు ఉంటుంది. బీజేయూ ప్రెస్ పుస్తకాలు కూడా తరగతి గది నమూనావే, అయితే వాటిలో వివరణ పాలు కొంత ఎక్కువ. యాక్సిలరేటెడ్ క్రిస్టియన్ ఎడ్యుకేషన్‌లో ఒక్కొక్క సబ్జెక్టుకు ఏడాదికి పన్నెండు చిన్న పుస్తకాలుంటాయి; పిల్లవాడు తనంతట తాను చదివి, జవాబులు తానే దిద్దుకుని, నూటికి ఎనభై మార్కులు తెచ్చుకుంటే తరువాతి పుస్తకానికి వెళతాడు. చదవడం బాగా వచ్చిన పదేళ్ల పిల్లవాడికి అది నప్పవచ్చునేమో గాని, ఒళ్లో కూర్చుని కథ వినవలసిన వయసులో బిడ్డను ఖాళీలు పూరించే పనికి అప్పగించడం నాకు నచ్చదు. 1990లో మొదలైన సోన్‌లైట్ కథల పుస్తకాలను బిగ్గరగా చదివి వినిపించడం మీద నడుస్తుంది. మై ఫాదర్స్ వరల్డ్ కూడా ఇంచుమించు ఆ దారిదే. మెనొనైట్ అనే క్రైస్తవ శాఖవారి రాడ్ అండ్ స్టాఫ్ పుస్తకాలు నలుపు తెలుపుల్లో నిరాడంబరంగా, తక్కువ ధరకు దొరుకుతాయి. వీటిలో ఎక్కువ భాగం అమెరికా ప్రొటెస్టెంటు సంఘాల దృష్టితో తయారైనవి కాబట్టి, మన నగరంలోని క్యాథలిక్ కుటుంబాలు చరిత్ర పుస్తకాలను ప్రత్యేకించి తిరగేసి చూసుకోవాలి. వారికి సెటన్ వంటి వేరే సంస్థల పుస్తకాలున్నాయి.

పద్ధతులు ఎంత వేరైనా అన్నిటిలో ఉమ్మడిగా ఉన్నది అమెరికా. లెక్కల పుస్తకం తెరిస్తే పెన్నీ, నికెల్, డైమ్, క్వార్టర్ అనే నాణేలు, అంగుళాలు, పౌండ్లు, ఫారన్‌హీట్ డిగ్రీలు వరుసగా వస్తాయి. పూర్ణా మార్కెట్లో అమ్మ చేతిలోని పది రూపాయల నాణెం చూసి లెక్క నేర్చుకోవలసిన బిడ్డ, ఎన్నడూ చూడబోని నాణెం బొమ్మకు రంగు వేస్తూ కూర్చుంటుంది. రూపాయలు, మీటర్లు, కిలోలు తల్లి విడిగా నేర్పక తప్పదు, అంటే ఒకే పాఠాన్ని రెండుసార్లు చెప్పుకోవలసి వస్తుంది. పైగా మన లెక్క వేల తరువాత లక్షలకు పోతుంది, వారిది నేరుగా మిలియన్లకు పోతుంది. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఎదురెదురు పేజీల్లో తెలుగు, ఇంగ్లీషు అచ్చువేసిన గణితం పుస్తకాలు మన దగ్గరే ఉండగా, ఎన్‌సీఈఆర్‌టీ ఒకటి, రెండు తరగతుల పుస్తకాలు కూడా సులువుగా దొరుకుతుండగా, లెక్కల కోసం డాలర్లు చెల్లించడానికి నాకు కారణం కనిపించదు. రెండును రెండుతో కలపడంలో ఏ మత విశ్వాసానికైనా తేడా ఏముంటుంది?

చరిత్ర సంగతి మరింత గట్టిగా చెప్పాలి. నవంబరు నెల పాఠాల్లో 1620లో మేఫ్లవర్ ఓడ ఎక్కి ఇంగ్లండు నుంచి అమెరికా వచ్చిన పిల్‌గ్రిములు, మరుసటి ఏడాది వారి కృతజ్ఞతా విందు తప్పక ఉంటాయి. మంచి కథే, చెప్పవచ్చు. అయితే 1805లో లండన్ మిషనరీ సొసైటీ తరఫున జార్జ్ క్రాన్, ఆగస్టస్ డి గ్రాంజెస్ ఇదే విశాఖపట్నం వచ్చారని, ఆనందరాయర్ అనే తెలుగు పండితుడి తోడ్పాటుతో సువార్తలను తెలుగు చేయడం మొదలుపెట్టారని, 1809లో ఒకరు, 1810లో మరొకరు కన్నుమూయగా మూడు సువార్తలు 1812లో బెంగాల్లోని సెరాంపూరులో అచ్చయ్యాయని ఆ సెట్లలో ఏ పేజీలోనూ ఉండదు. రాస్ హిల్ మీది చర్చికి బిడ్డను నడిపించుకుని వెళ్లి, పక్క కొండల మీది గుడినీ మసీదునూ చూపించి, కింద ఓడరేవులోకి వచ్చే ఓడలను చూపిస్తూ ఈ సంగతి చెబితే చరిత్ర, భూగోళం, పొరుగువారి పట్ల మర్యాద ఒక్క పూటలో పాఠమవుతాయి.

ఇక అసలు క్రైస్తవ భాగం. తల్లిదండ్రులు ఎక్కువ డబ్బు పెడుతున్నది దీని కోసమే కనుక దీని గురించే ఎక్కువ ఆలోచించాలి. అబెకాలోనూ యాక్సిలరేటెడ్ క్రిస్టియన్ ఎడ్యుకేషన్‌లోనూ కంఠత వాక్యాలు నాలుగు వందల ఏళ్ల నాటి కింగ్ జేమ్స్ ఇంగ్లీషులో ఉంటాయి. ఇంట్లో కుటుంబ ప్రార్థన తెలుగులో, ఆరాధన తెలుగులో, నాయనమ్మ చదివే బైబిలు తెలుగులో ఉన్న బిడ్డకు, ఇప్పుడు ఇంగ్లండులో కూడా ఎవరూ మాట్లాడని ఇంగ్లీషులో దావీదు కీర్తన ఎందుకు నేర్పాలి? మన బైబిలు భాష కూడా గ్రాంథికమే, పిల్లలకు సులువు కాదు అని కొందరు అంటారు, అది నిజమే. కాని "యెహోవా నా కాపరి, నాకు లేమి కలుగదు" అన్న వాక్యం పుట్టినప్పటి నుంచి చెవిన పడుతున్నది. అర్థం ఒకటి రెండు మాటల్లో చెప్పవచ్చు. పురుషోత్తమ చౌదరి కీర్తనలు పాడించినా, వేసవి సెలవుల్లో జరిగే బైబిలు తరగతుల్లో (వీబీఎస్) నేర్చుకున్న పాటలు ఏడాది పొడవునా పాడించినా పిల్లలకు ఉచ్చారణ, లయ, పదసంపద మూడూ అబ్బుతాయి. ఐదేళ్ల బిడ్డకు బైబిలు కరికులం అంటే రోజుకొక కథ చదివి వినిపించి, తిరిగి ఆ బిడ్డ చేత చెప్పించడమే. ఇంటి చదువు గురించి విస్తారంగా రాసిన ఇంగ్లండు విద్యావేత్త షార్లెట్ మేసన్ చెప్పింది కూడా ఇంచుమించు అదే: ఆరేళ్ల లోపు పద్ధతి ప్రకారం పాఠాలు వద్దు, ఆరుబయట తిరగనివ్వండి, తరువాత కూడా పాఠాలు చిన్నవిగా ఉండనివ్వండి, విన్నది తిరిగి చెప్పించండి. ఆమె 1923లో మరణించింది. ఆమె పద్ధతికి ప్రత్యేకంగా ఏ పెట్టె కొనవలసిన పనిలేదు.

తెలుగు చదవడం, రాయడం ఏ విదేశీ సెట్‌లోనూ ఉండదు గనుక, సెట్ కొన్న ఇంట్లో అది మిగిలిన సమయానికి వాయిదా పడుతుంది. అక్షరాలు, గుణింతాలు, ఒత్తులు తీరిగ్గా వచ్చేసరికి రెండేళ్లు పడుతుంది; ఆ రెండేళ్లూ ఇంగ్లీషు ఫోనిక్స్‌కు, అంటే అక్షరాల శబ్దాలు కలిపి చదవడం నేర్చుకోవడానికి, పోతే ఎనిమిదేళ్ల బిడ్డ తన సంఘంలో లేఖన భాగం చదవడానికి లేచి నిలబడలేదు. మూడు నుంచి ఎనిమిదేళ్ల వయసును పునాది దశగా గుర్తించి, వీలైనచోట కనీసం ఐదో తరగతి వరకు ఇంటిభాషలో బోధించాలని 2020 జాతీయ విద్యావిధానం కూడా చెప్పింది. ఇంగ్లీషు ఫోనిక్స్ కోసం మాత్రం ఒక సెట్‌లోని ఆ ఒక్క పుస్తకాన్ని విడిగా తెప్పించుకోవడంలో తప్పులేదు, ఆ పని అమెరికా పుస్తకాలు బాగానే చేస్తాయి. 'ఆర్' శబ్దాన్ని వారు పలికినట్టు పలకనవసరం లేదని తల్లి చెప్పుకుంటే సరి.

సైన్సు విషయంలో తల్లిదండ్రులు కళ్లు తెరిచి ఎంచుకోవాలి. ఈ సెట్లలో పేరున్నవి చాలావరకు భూమి వయసు కొన్ని వేల సంవత్సరాలేనని బోధిస్తాయి. కైలాసగిరిలోనూ సింహాచలం కొండలోనూ ఉన్న ఖోండలైటు శిల వయసును భూవిజ్ఞానులు వందకోట్ల ఏళ్ల స్థాయిలో లెక్కగడతారు, రేపు బిడ్డ చదవబోయే పాఠ్యపుస్తకం కూడా ఆ లెక్కనే చెబుతుంది. సృష్టికర్తను నమ్మే క్రైస్తవుల్లో ఆ లెక్కను ఒప్పుకునేవారూ ఉన్నారు, ఒప్పుకోనివారూ ఉన్నారు; ఏ కుటుంబం ఎటు ఉన్నదో నిర్ణయించేది పుస్తకం అమ్మేవారు కాకూడదు. ఆరేళ్ల వయసులో సైన్సంటే ఫిషింగ్ హార్బరులో దిగే చేపల పేర్లు, ఆటుపోట్లు, ఋతుపవనాలు, పెరటి మొక్కలు చాలు.

చట్టం సంగతి క్లుప్తంగా. 2010 ఏప్రిల్ 1 నుంచి అమలులో ఉన్న విద్యాహక్కు చట్టం ఆరు నుంచి పద్నాలుగేళ్ల పిల్లలను బడిలో చేర్పించడం తల్లిదండ్రుల విధి అంటుంది. ఇంటి చదువును ప్రస్తావించదు, తల్లిదండ్రులకు శిక్షా విధించదు. బడి మానేసిన బిడ్డను వయసుకు తగిన తరగతిలో చేర్చుకోవాలని నాలుగో సెక్షన్ చెబుతుంది. అయితే మైనారిటీ విద్యాసంస్థలకు ఈ చట్టం వర్తించదని 2014లో సుప్రీంకోర్టు చెప్పినందున, తరువాత మిషన్ స్కూల్లోనే చేర్చాలనుకునేవారు ఆ స్కూలు వారితో ముందే మాట్లాడుకోవడం మంచిది. బడి జోలికే పోనివారికి జాతీయ సార్వత్రిక విద్యాసంస్థ (ఎన్‌ఐఓఎస్) నిర్వహించే ప్రాథమిక స్థాయి పరీక్షలున్నాయి: మూడు, ఐదు, ఎనిమిది తరగతులకు సమానమైన ఎ, బి, సి స్థాయిలు. పదో తరగతికి సమానమైన పరీక్షకు పద్నాలుగేళ్లు నిండాలి. అమెరికా సంస్థ ఇచ్చే సర్టిఫికెట్‌ను ఇక్కడి ప్రతి బడీ ఒప్పుకుంటుందని అనుకుని ఏ కరికులం కొనరాదు.

ధర గురించి ఒక మాట. సెట్ ధర వందల డాలర్లలో ఉంటుంది, ఓడ ఖర్చో విమానం ఖర్చో దానికి అదనం. ఆ భారం తప్పించుకోవడానికి ఒక కుటుంబం కొన్న వర్క్‌బుక్కులను నాలుగు కుటుంబాలు జిరాక్స్ తీయించుకోవడం నేను చూస్తున్నాను. "దొంగిలకూడదు" అన్న ఆజ్ఞకు బిడ్డ చేత రంగులు వేయిస్తున్న ఆ పేజీయే అనుమతి లేని నకలు కావడం చూసి నవ్వాలో ఏడ్వాలో తెలియలేదు. ఆ పుస్తకాల మొదటి పేజీలోనే నకలుకు సంబంధించిన షరతులు రాసి ఉంటాయి. కొన్ని సంస్థలు ఒక ఇంటి పిల్లల వరకు నకలు తీసుకోనిస్తాయి, కొన్ని అదీ ఒప్పుకోవు.

మీ పత్రిక చదివే సంఘ పెద్దలకు ఒక విన్నపం. నగరంలోని సంఘాలు కలిసి ఈ సెట్లలో ఒక్కొక్కదాని మొదటి ఏడాది పుస్తకాలను కొని, ఏదో ఒక చర్చి గదిలో ఒక బీరువాలో ఉంచితే, తల్లిదండ్రులు డబ్బు కట్టకముందే పేజీలు తిప్పి చూసుకునే వీలుంటుంది. పక్కనే రాష్ట్ర ప్రభుత్వ ద్విభాషా పుస్తకాలు, తెలుగు వాచకాలు, పిల్లల తెలుగు బైబిలు కథలు కూడా పెట్టాలి. శనివారం సాయంత్రాల్లో ఆ గది తెరిచి కూర్చోవడానికి మావంటి రిటైరైన టీచర్లు దొరుకుతారు, నేను సిద్ధంగానే ఉన్నాను.

ఇట్లు,
ఒక విశ్రాంత ఉపాధ్యాయిని,
సీతమ్మధార, విశాఖపట్నం