తొమ్మిదో తరగతిలో చిన్న వ్యాపారం లెక్కలు నేర్పాలి

సంపాదకులకు నమస్కారం.

ఉన్నత పాఠశాలల్లో వ్యాపార దక్షత నేర్పాలన్న మాట ఈమధ్య తరచుగా వినిపిస్తోంది. జిల్లా పరిషత్ పాఠశాలల్లో చాలాకాలం గణితం చెప్పినవాడిగా నేను దాన్ని మనస్ఫూర్తిగా సమర్థిస్తున్నాను. అయితే పిల్లల చేత కంపెనీలకు పేర్లు పెట్టించి, అట్టల మీద బొమ్మలు వేయించి, ఒక రోజు ప్రదర్శన జరిపి బహుమతులు పంచితే ఆ పని పూర్తయిందనుకోవడం సరికాదు. తమ వీధిలోని కిరాణా కొట్టు, టిఫిన్ బండి, టైలరింగ్ షాపు ఏ లెక్క మీద నిలబడుతున్నాయో, ఏ లెక్క తప్పితే మూతపడుతున్నాయో వాళ్లు ముందుగా తెలుసుకోవాలి.

ఒక వ్యాపారి 400 రూపాయలకు కొన్న వస్తువును 460 రూపాయలకు అమ్మితే లాభశాతం ఎంత అని మన పాఠాలు అడుగుతాయి. పిల్లలు 15 అని తడుముకోకుండా చెబుతారు. కానీ పాఠంలోని ఆ వ్యాపారికి కొట్టు అద్దె ఉండదు, అరువు పెట్టి ఎగ్గొట్టేవాళ్లు ఉండరు, సరుకు పాడైపోదు, తెల్లవారుజాము నుంచి అతను పడే కష్టానికి కూలీ ఉండదు. పద్దులు రాయడం ఇంటర్మీడియట్‌లో కామర్స్ ఉన్న గ్రూపు తీసుకున్నవారికే మొదలవుతుంది. పదో తరగతితో చదువు ఆపేసి రేపు మెకానిక్ షెడ్డు పెట్టుకోబోయే పిల్లవాడికి ఆ విద్య అందే దారే లేదు.

ఒక ఇడ్లీ బండినే పాఠంగా తీసుకుందాం. రోజుకు 2,500 రూపాయల అమ్మకం ఉందని, మినప్పప్పు, రవ్వ, పల్లీలు, నూనె, గ్యాస్ వగైరాలకు 1,500 అవుతుందని అనుకుందాం. మిగిలిన వెయ్యి రూపాయలూ లాభమేనని తరగతిలో అందరూ అంటారు. ఆ బండి దగ్గర భార్యాభర్తలిద్దరూ పనిచేస్తున్నారు కదా, వాళ్లు మరొకచోట అదే పని చేస్తే చెరి నాలుగు వందలు రావా అని అడిగితే లాభం రెండు వందలకు దిగుతుంది. వాన పడిన రోజు మిగిలిపోయిన పిండినీ, నెలాఖరుకు వసూలు కాని అరువునూ లెక్కలోకి తెస్తే అదీ కరిగిపోతుంది. ఒకే తరగతి గదిలో, ఒకే నల్లబల్ల మీద ఇంత చెప్పవచ్చు. పైగా పిల్లలకు తమ తల్లిదండ్రుల శ్రమకు వెల కట్టడం అలవాటవుతుంది.

అప్పు గురించి ఇంకా వివరంగా చెప్పాలి. చేతికి 9,000 ఇచ్చి, రోజుకు వంద చొప్పున నూరు రోజులు వసూలు చేసే పద్ధతి మన ఊళ్లలో చిరువ్యాపారులందరికీ తెలిసిందే. తొమ్మిది వేలకు వెయ్యి వడ్డీ అంటే నూటికి పదకొండే కదా అనిపిస్తుంది. నిజానికి ఆ తొమ్మిది వేలూ పూర్తిగా వాడుకలో ఉండేది మొదటి రోజు మాత్రమే. రోజూ తీరుస్తూ పోవడం వల్ల నూరు రోజులకు సగటున చేతిలో ఉండే సొమ్ము సుమారు నాలుగున్నర వేలు. దాని మీద నూరు రోజులకే వెయ్యి కట్టడమంటే నూటికి నెలకు ఆరు రూపాయలు దాటిన వడ్డీ, ఏడాదికి 75 శాతానికి పైమాటే. రోజురోజుకూ తగ్గే ఆ అసలు మొత్తాలు అంకశ్రేఢిలో ఉంటాయి. పదో తరగతిలో శ్రేఢుల మొత్తం నేర్పేటప్పుడు ఈ లెక్క చేయిస్తే, ఆ సూత్రం ఎందుకు నేర్చుకుంటున్నామని ఏ విద్యార్థీ అడగడు. వీధి వ్యాపారులకు పీఎం స్వనిధి పథకం 2020లో పదివేల రుణంతో, ఏడు శాతం వడ్డీ రాయితీతో మొదలైంది. ఆ అప్పునూ ఈ నూరు రోజుల అప్పునూ పక్కపక్కన పెట్టి పిల్లల చేతే పోల్చి చూపించవచ్చు.

అమ్మకాల మొత్తం వేరు, లాభం వేరు అన్న సంగతి కూడా బడిలోనే తెలియాలి. 2025 జూలైలో కర్ణాటకలో వాణిజ్య పన్నుల శాఖ యూపీఐ వసూళ్ల వివరాల ఆధారంగా చిన్న వ్యాపారులకు నోటీసులు పంపినప్పుడు ఎంత కలవరం రేగిందో పాఠకులకు గుర్తుండే ఉంటుంది. అక్కడ సరుకులు అమ్మేవారు జీఎస్టీ నమోదు చేసుకోవాలా వద్దా అన్నది ఏడాది అమ్మకాలు 40 లక్షలు దాటాయా అన్నదాన్ని బట్టి ఉంటుంది, మిగిలిన లాభాన్ని బట్టి కాదు. ఫోన్‌లో వచ్చిన డబ్బు లెక్క దానంతటదే నమోదవుతుంది. నగదుతో కొన్న సరుకు లెక్క మాత్రం ఎవరో ఒకరు రాసిపెట్టుకోవాలి.

ఢిల్లీ ప్రభుత్వ పాఠశాలల్లో 2019లో తొమ్మిది నుంచి పన్నెండో తరగతి వరకు ఇటువంటి పాఠ్యక్రమం ప్రవేశపెట్టారు, ఆ తరువాత పై తరగతుల పిల్లలకు మూలధనం కూడా ఇచ్చారు. అది మెచ్చుకోదగిన ప్రయత్నమే. మనకు మాత్రం అంతకంటే దగ్గరి వనరు ఒకటి ఉంది. 1992 నాటి సారా వ్యతిరేక ఉద్యమం తరువాత నెల్లూరు జిల్లాలో రోజుకు రూపాయి పొదుపుతో సాగిన మహిళల సంఘాల నుంచి నేటి డ్వాక్రా సంఘాల దాకా మన తల్లులు పొదుపు, అప్పు, వాయిదాల పుస్తకాలు నడుపుతూనే ఉన్నారు. సంఘం లెక్కలు రాసే మహిళను ఒక పూట బడికి పిలిచి, తగిన గౌరవ వేతనమిచ్చి పాఠం చెప్పించడానికి పెద్ద నిధులేమీ అక్కర్లేదు.

జాతీయ విద్యావిధానం 2020 ఆరు నుంచి ఎనిమిదో తరగతి లోపు పది రోజులు పుస్తకాల సంచి లేకుండా స్థానిక వృత్తిదారుల దగ్గర గడపాలని సూచించింది. ఆ రోజుల్లో కుమ్మరి సారె తిప్పడం చూసి వచ్చే పిల్లలు, కుండకు ధర ఎలా కట్టారో కూడా అడిగి రావాలి. కొట్టులోని కాటాకు తూనికలు కొలతల శాఖ ముద్ర ఉందో లేదో చూడాలి. తొమ్మిదో తరగతికి వచ్చాక నెల రోజుల పాటు ఒక చిన్న వ్యాపారానికి, యజమాని ఒప్పుకుంటేనే, రోజు చిట్టా రాయాలి. దీనికి పబ్లిక్ పరీక్షల్లో మార్కులు పెట్టవద్దని నా విన్నపం. మార్కులు పెడితే చిట్టాలు కూడా గైడ్లలో అచ్చయి అమ్ముడవుతాయి.

రెండు జాగ్రత్తలు మాత్రం తప్పనిసరి. నేర్చుకోవడం పేరుతో పిల్లలను కొట్టులో ఊరికే పనికి పెట్టుకోకుండా ఉపాధ్యాయులు కనిపెట్టి ఉండాలి. ఏ విద్యార్థి చేతా సొంత ఇంటి అప్పులు తరగతిలో చెప్పించకూడదు, అందుకే పాఠానికి ఊహించిన బండిని తీసుకోమంటున్నాను. రెండు తెలుగు రాష్ట్రాల విద్యా పరిశోధన శిక్షణ మండళ్లు వచ్చే విద్యా సంవత్సరం మొదలయ్యేలోగా గణితం, సాంఘిక శాస్త్రం ఉపాధ్యాయుల కోసం ఈ మేరకు ఒక చిన్న కరదీపిక తయారు చేయించాలని మీ పత్రిక ద్వారా కోరుతున్నాను.

భవదీయుడు,
విశ్రాంత గణిత ఉపాధ్యాయుడు,
తెనాలి