క్లోరిన్ కంటే ముందు సీసా పట్టాలి

సంపాదకుడు గారికి,

వానలు మొదలయ్యాక విశాఖ కొండవాలు కాలనీల్లో, మురుగు కాల్వల పక్కనుంచి మంచినీటి గొట్టాలు వెళ్లే వీధుల్లో అతిసారం భయం ఎప్పుడూ ఉండేదే. కేసులు రాగానే క్లోరిన్ కలపడం, ఓఆర్‌ఎస్ పంచడం ఒక్క గంట కూడా ఆగకూడదు. కానీ ఆ హడావిడిలో నమూనాలు తీయడం మరిచిపోతే, క్రిమి ఎక్కణ్ణుంచి వచ్చిందో తర్వాత ఏ యంత్రమూ చెప్పలేదు.

1996లో అమెరికాలో, ఆహారం ద్వారా సోకే క్రిములను పోల్చి చూసే ల్యాబుల కూటమి పల్స్‌నెట్ మొదలైనప్పుడు క్రిమి డీఎన్‌ఏను ఎంజైముతో కోసి, జెల్‌లో చారలుగా విడదీసి పోల్చేవారు. కోత పడే చోటో, ముక్క పొడవో మారితేనే చారలు మారేవి. చిన్న తేడాలు కంటికి ఆనేవి కావు. 2019 నుంచి అక్కడ మొత్తం జన్యుక్రమాన్నే చదువుతున్నారు. కలరా క్రిమిలో సుమారు 40 లక్షల డీఎన్‌ఏ అక్షరాలుంటే, ఏడాదికి మారేవి మూడు నాలుగే. అందుకే 2010లో హైతీలో కలరా పుట్టినప్పుడు, అక్కడి క్రిములకూ నేపాల్ క్రిములకూ ఒకటి రెండు అక్షరాలే తేడా కనిపించడం, అది నేపాల్ నుంచి వచ్చిందనడానికి అంత బలమైన ఆధారమైంది.

ఇంత సూక్ష్మమైన పద్ధతి కూడా పాడైన నమూనా దగ్గర ఓడిపోతుంది. యాంటీబయాటిక్ మొదటి మోతాదు పడకముందే ఐదు నుంచి పది మంది రోగుల విరేచనం స్వాబ్ (దూది చుట్టిన పుల్ల) మీద తీసుకుని, ల్యాబు చేరేదాకా క్రిమిని బతికించే క్యారీ-బ్లెయిర్ మాధ్యమంలో పూర్తిగా మునిగేలా పెట్టాలి. స్వాబ్ ఆరిపోతే క్రిమి చనిపోతుంది. కలరా కోసమే అయితే ఐస్ అక్కర్లేదు. ల్యాబులో ఒకే కాలనీని, అంటే ఒకే క్రిమి నుంచి పెరిగిన గుంపును ఎంచి పెంచాలి, రెండు కలిస్తే క్రమం గందరగోళమవుతుంది.

నీటి నమూనా క్లోరిన్ కలపకముందే పట్టాలి. అప్పటికే కలిపేసి ఉంటే క్లోరిన్‌ను విరిచేసే సోడియం థయోసల్ఫేట్ వేసిన, క్రిమిరహితం చేసిన సీసాలో పట్టాలి. లేకపోతే దారి పొడవునా క్లోరిన్ క్రిమిని చంపుతూనే ఉంటుంది, ఫలితమేమో 'నీరు బాగుంది' అని వస్తుంది. ఇదే అన్నిటికన్నా ప్రమాదకరమైన పొరపాటు.

జన్యుక్రమం ఒక్కటే ఎవరి నుంచి ఎవరికి సోకిందో తేల్చదు. కాబట్టి ప్రతి స్వాబ్ మీదా జబ్బు మొదలైన తేదీ, వీధి, ఆ ఇంటివాళ్లు నీళ్లు పట్టుకునే కుళాయి రాసి ఉండాలి. ఈ సీసాలు, స్వాబ్‌లు వానలకు ముందే ప్రతి వార్డు ఆరోగ్య కేంద్రానికీ చేర్చాలని అధికారులను కోరుతున్నాను.

– ఒక మైక్రోబయాలజిస్టు, విశాఖపట్నం