హెడ్‌ఫోన్ జాక్ వదులైతే మదర్‌బోర్డు మార్చమనడంపై ఫిర్యాదు

కస్టమర్ కేర్ మేనేజర్ గారికి,

మీ కంపెనీ లాప్‌టాప్ కొని 8 నెలలైంది, వారంటీ ఇంకా 4 నెలలుంది. హెడ్‌ఫోన్ జాక్ పనిచేయడం లేదని రెండుసార్లు సర్వీస్ సెంటర్‌లో ఇస్తే, రెండుసార్లూ ఆడియో డ్రైవర్ (సౌండ్‌ను నడిపే సాఫ్ట్‌వేర్) తీసి మళ్లీ వేసి పంపారు. మూడోసారి "ఫిజికల్ డ్యామేజ్, వారంటీ వర్తించదు, మదర్‌బోర్డు మార్చాలి" అని 19,500 రూపాయల ఎస్టిమేట్ చేతిలో పెట్టారు. ఇది అన్యాయం.

పిన్ పూర్తిగా దూర్చినా పాటలో గొంతు వినపడదు. వెనక వయొలిన్లు, కోరస్ మాత్రం ఎక్కడో దూరం నుంచి వచ్చినట్టుంటాయి. పిన్‌ను వేలితో కాస్త పైకెత్తి పట్టుకుంటే గొంతు తిరిగొస్తుంది. ఇది గ్రౌండ్ (రెండు చెవులకూ ఉమ్మడిగా ఉండే తిరుగు దారి) తెగిన లక్షణం. గొంతు సాధారణంగా ఎడమ, కుడి చానళ్లలో సమానంగా ఉంటుంది. గ్రౌండ్ లేకపోతే ఆ సమాన భాగం రద్దయి, రెండింటి మధ్య తేడా మాత్రమే చెవిన పడుతుంది. అంటే గ్రౌండ్ కోసం పిన్ కొస నుంచి మూడో భాగాన్ని తాకాల్సిన స్ప్రింగ్ రేకు వదులైంది. పిన్ పీకేశాక స్పీకర్లు కూడా మోగవు, విండోస్ ఇంకా హెడ్‌ఫోన్ ఉన్నట్టే చూపిస్తుంది. పిన్‌ను కనిపెట్టే స్విచ్ ఆ జాక్‌లోనిదే, అదీ ఇరుక్కుంటోంది.

మళ్లీ డ్రైవర్ అనకండి. విండోస్ బదులు ఉబుంటు అనే వేరే ఆపరేటింగ్ సిస్టమ్‌ను పెన్‌డ్రైవ్ నుంచి బూట్ చేసినా ఇదే తంతు. వాడి చూసిన మూడు హెడ్‌ఫోన్లూ ఫోన్‌లో చక్కగా మోగుతున్నాయి. ఇదే లాప్‌టాప్‌కు యూఎస్‌బీ సౌండ్ అడాప్టర్ తగిలిస్తే రెండు చెవులూ బాగున్నాయి. టార్చ్ వేసి చూస్తే జాక్‌లో దుమ్ము లేదు, విరిగిన పిన్ ముక్క లేదు, అంచు పగలలేదు. ఫొటోలు జతచేశాను. డ్యామేజ్ ఎక్కడుందో మీ టెక్నీషియన్ ఫొటో తీసి రాతపూర్వకంగా చూపించాలి.

అసలు ఈ మోడల్‌లో జాక్ మదర్‌బోర్డు మీద లేనే లేదు. యూఎస్‌బీ పోర్టుతో కలిపి ఒక చిన్న బోర్డు మీద ఉంది, అది రిబ్బన్ కేబుల్‌తో మదర్‌బోర్డుకు కలుస్తుంది. మీ సర్వీస్ మాన్యువల్‌లోనే బొమ్మతో సహా ఉంది. ఆ చిన్న బోర్డు ఒక్కటి మారిస్తే చాలు.

దాన్ని వారంటీ కింద ఉచితంగా మార్చి, జాబ్ షీట్‌లో మార్చిన పార్ట్ నంబరు రాసి ఇవ్వండి. 15 రోజుల్లో జవాబు రాకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915లో, ఆపైన జిల్లా వినియోగదారుల కమిషన్‌లో ఫిర్యాదు చేస్తాను. రిపేరుకు తీసుకున్నప్పుడు డిస్క్ ఫార్మాట్ చేయొద్దు. ఈ పనికి దాని అవసరం లేదు.

ఇట్లు,
మీ వినియోగదారు

జతలు: బిల్లు, మూడు జాబ్ షీట్లు, ఎస్టిమేట్, జాక్ ఫొటోలు