ఎర్ర బోర్డు కొట్టుకి, ఫిలడెల్ఫియా నుంచి

ఫిలడెల్ఫియా
ఫిబ్రవరి 16, 2025, ఆదివారం

నాన్నా,

నేను ఇక్కడ బాగానే ఉన్నాను. అమ్మ పంపిన కారప్పొడి అందింది. మూత ఊడి సగం స్వెటర్‌కి అంటింది గానీ మిగిలిన సగం నాకు వేసవి దాకా వస్తుంది. ఈ ఉత్తరం చిన్నిగాడికి పంపి, ప్రింటు తీసి నీకిమ్మన్నాను. ఫోన్లో నేనొకటి చెబితే నువ్వొకటి వింటావు, ఈలోపు అమ్మ ఫోను లాక్కుంటుంది. చెవి మిషన్ ఇంకా డబ్బాలోనే ఉందట కదా. దాని సంగతి వచ్చాక తేలుస్తాను.

ఉద్యోగం బాగుంది. పక్క టీంలో ఇద్దర్ని తీసేసిన మాట నిజమే. బావ ఆ విషయం నీ చెవిన వేయాల్సింది కాదు. మా జోలికి రాలేదు, రారు. టెన్షన్ పడకు.

పోయిన ఆదివారం ఇక్కడ సూపర్ బౌల్, అంటే అమెరికన్ ఫుట్‌బాల్ ఫైనల్. మనకి వరల్డ్ కప్ ఫైనల్ ఎలాగో వీళ్ళకి ఇది అలాగ, కాకపోతే ఏటా వస్తుంది. ఆట న్యూ ఆర్లీన్స్‌లో జరిగింది. మా ఊరి జట్టు ఈగల్స్ 40-22తో గెలిచింది. అవతలి కాన్సస్ సిటీ వాళ్ళు సగం ఆట అయ్యేసరికి ఒక్క పాయింటు కూడా చేయలేదు. ఇక చూడు, ఊరంతా ఆకుపచ్చ చొక్కాలే. మొన్న శుక్రవారం ఊరేగింపు, బళ్ళకి సెలవు. ఆ జనాన్ని చూస్తుంటే కోటప్పకొండ ప్రభలే గుర్తొచ్చాయి. అన్నట్టు, శివరాత్రికి కొండకి వెళ్తానంటున్నావట. వెళ్ళు గానీ మెట్లు వద్దు నాన్నా, బస్సెక్కి వెళ్ళు.

ఆట నాకిప్పటికీ ఒక్క ముక్క అర్థం కాదు. నేను చూసేది ప్రకటనలు. కింద ఫ్లాటు గుంటూరు వాళ్ళింట్లో పదిహేను మందిమి కూర్చున్నాం. ఆట నడుస్తున్నంతసేపు అందరూ కబుర్లు, పకోడీలు, పిల్లల గోల. ప్రకటన రాగానే ఎవరో ఒకరు "ష్" అంటారు, గది మొత్తం టీవీ వైపు తిరుగుతుంది. మన ఇంట్లో ప్రకటనలప్పుడు కదా అమ్మ లేచి కుక్కర్ చూసొచ్చేది. ఇక్కడ అంతా తిరగేసి. ఆట మధ్యలో బాత్రూంకి వెళ్ళి ప్రకటనకి పరిగెత్తుకొస్తారు.

ముప్ఫై సెకన్లకి కొందరు 80 లక్షల డాలర్లు దాకా పోశారట. మన లెక్కలో 70 కోట్లు. "డబ్బులు ఎవరికీ ఊరికే రావు" అనే లలితా జ్యూయలరీ ఆయన్ని వీళ్ళకి ఎవరైనా చూపించాలి. చూసినవాళ్ళు పన్నెండు కోట్ల మందికి పైనేనట, అంత పోయడం అందుకే.

ఒక ప్రకటన చెబుతాను, నీకు నచ్చుతుంది. పెద్ద గుర్రాలు బండి లాగుతూ బీరు పీపాలు మోసుకెళ్తాయి. ఒక గుర్రప్పిల్ల తనూ వస్తానంటుంది, చిన్నదానివని ఇంట్లో వదిలేస్తారు. దారిలో ఒక పీపా దొర్లి పడిపోతుంది. ఆ పిల్ల దాన్ని మూతితో తోసుకుంటూ కొండలూ వాగులూ దాటి బారు దాకా తీసుకెళ్తుంది. అంతే కథ. మా గదిలో ఒక్కరూ నోరు మెదపలేదు. ఇక్కడ యూఎస్ఏ టుడే పత్రిక 1989 నుంచి ఈ ప్రకటనలకి జనం చేత మార్కులు వేయిస్తోంది. ఈసారి ఫస్టు ఈ గుర్రప్పిల్లకే.

అసలు సంగతి బుధవారం జరిగింది. మధ్యాహ్నం భోజనాల దగ్గర నాతో పాటు ఏడుగురు ఉన్నారు. నీ కూతుర్ని కదా, ఊరుకోబుద్ధి కాలేదు, ఒక్కొక్కరినీ అడిగాను. గుర్రప్పిల్ల ఏడుగురికీ గుర్తుంది. అది ఏ బీరు అంటే నలుగురే బడ్‌వైజర్ అన్నారు. ఇద్దరు వేరే బీర్ల పేర్లు చెప్పారు. ఒకమ్మాయి అయితే అది బీరు ప్రకటనే కాదు, ట్రక్కులదని పందెం కాసింది! ఇంకా విను. ఈసారి ఒక ప్రకటనలో మీసాలు మొహాల మీంచి లేచి గాల్లో ఎగిరాయి. ఇంకోదాంట్లో ఒకాయన కనుబొమలు ఎగిరిపోయాయి. మీసాలది ప్రింగిల్స్ చిప్స్, కనుబొమలది లిటిల్ సీజర్స్ పిజ్జా. మూడు రోజులు గడిచాయో లేదో, మీసాలు ఎవరివో బొమలు ఎవరివో ఒక్కరూ తేల్చలేకపోయారు. ఇద్దరైతే అవి రెండూ ఒకటే ప్రకటన అనుకుంటున్నారు. నూటపాతిక కోట్లు పైచిలుకు ఖర్చు పెట్టి ఇద్దరూ కలిసి ఒకే మొహం తయారుచేశారన్నమాట.

నాకు వెంటనే మన కొట్టు గుర్తొచ్చింది. బళ్ళోంచి వచ్చి బియ్యం బస్తా మీద కూర్చుని నేను విన్న బేరాలన్నీ ఇవే కదా. "పాప గౌను పొడి ఇవ్వు", "పాట సబ్బు ఇవ్వు". పేరు ఎవరికి కావాలి? నువ్వు చెయ్యి చాచి నిర్మా ప్యాకెట్ తీసిచ్చేవాడివి, ఏమిటని అడిగేవాడివి కాదు. వెనక వీధి మామ్మ గుర్తుందా, మనవడికి ఫోను చేయాలని వచ్చి "కుక్కపిల్ల కార్డు" అడిగేది. హచ్ అనే మాట ఆవిడకి నోరు తిరిగేది కాదు. 2007లో అది వొడాఫోన్ అయినప్పుడు నేను బోర్డు చూపించి మారిపోయింది మామ్మా అని పాఠం చెప్పాను. "కుక్క అదేగా?" అంది. అదే. కుక్కని మాత్రం వాళ్ళు వదల్లేదు. ఆ తెలివి ఈ మీసాలవాళ్ళకి ఉండాల్సింది.

మా టీంలో ఒక పెద్దాయన ఉన్నాడు, ఈ ఏడు రిటైరవుతాడు. నాకు పని నేర్పింది ఆయనే. మంచు పడ్డ రోజు ఇంటి దగ్గర దింపేదీ ఆయనే, అమ్మకి చెప్పు. 1984లో సూపర్ బౌల్ మధ్యలో యాపిల్ వాళ్ళు వేసిన ప్రకటన తను చూశానని అన్నాడు. బూడిద రంగు మనుషులు వరసగా కూర్చుని పెద్ద తెర మీద ఎవరో చెప్పేది వింటుంటారు, ఒక అమ్మాయి సుత్తి పట్టుకుని పరిగెత్తుకొచ్చి ఆ తెర మీదకి విసురుతుంది. తీసింది రిడ్లీ స్కాట్ అనే సినిమా డైరెక్టరు. ఆ తర్వాత రెండు రోజులకి కంప్యూటర్ బయటికొచ్చింది. వాళ్ళ నాన్న కుర్చీ, చేతిలో గిన్నె, అన్నీ చెప్పాడు. "చివర్లో ఆ చిన్న కంప్యూటర్ తెరిచి చూపిస్తారు, దాన్ని చూసే నేను ఈ లైన్లోకి వచ్చాను" అన్నాడు.

నేను ఫోన్లో వెతికి పెట్టాను. ఇద్దరం చూశాం. కంప్యూటర్ ఎక్కడా లేదు నాన్నా. ఆ అమ్మాయి బనియను మీద దాని గీతల బొమ్మ ఉంది, అంతే. చివర్లో తేదీ, పేరు, రెండు ముక్కలు. ఆయన ఇంకోసారి పెట్టమన్నాడు. మళ్ళీ చూశాడు. కళ్ళజోడు తీసి తుడుచుకుని, "మరి నేను చూసింది ఏమిటి?" అన్నాడు. ఎందుకు పెట్టానా అనిపించింది. నలభై ఏళ్ళు మోసుకున్న బొమ్మ, నాలుగు నిమిషాల్లో లాగేశాను. సాయంత్రం కాఫీ ఇచ్చి సారీ చెప్పాను. నవ్వేసి, "కుర్చీ మాత్రం నిజం" అన్నాడు.

అలాగని గుర్తున్నవన్నీ అమ్ముడుపోవు. 2000లో పెట్స్ డాట్ కామ్ అని కుక్కలకీ పిల్లులకీ తిండి ఇంటికి పంపే కంపెనీ ఒకటి, మేజోడుతో చేసిన కుక్కబొమ్మ చేత మాట్లాడించింది. జనానికి ఆ బొమ్మ తెగ నచ్చింది. అదే ఏడు నవంబర్లో కంపెనీ మూతపడింది. ఈ మాట వింటే నువ్వేమంటావో నాకు తెలుసు. కొట్టు ముందు నిలబడి నవ్వించి పోయేవాడి పేరు అరువు పుస్తకంలో ఉండదు గానీ, గల్లాపెట్టెలోనూ ఉండదంటావు.

ఇంతసేపూ ఇవన్నీ రాస్తున్నది ఎందుకో నీకు అర్థమయ్యే ఉంటుంది. పోయిన వారం ఫోన్లో నువ్వు ఉగాదికి కొట్టు తీసేద్దామనుకుంటున్నానన్నావు. నేను వినపడనట్టు మాట మార్చేశాను. నీకే కాదు, అవసరమైతే నాకూ చెవుడు వస్తుంది.

తీసేయొద్దని చెప్పే హక్కు నాకు లేదు. మెయిన్ రోడ్డులో ఏసీ మార్టు వచ్చిందని, పిల్లలు ఫోన్లో తెప్పించుకుంటున్నారని అమ్మ చెప్పింది. నీ మోకాళ్ళ సంగతీ చెప్పింది. నేను దూరంగా కూర్చుని జ్ఞాపకాల కోసం నిన్ను స్టూలు మీద నిలబెట్టి సరుకు దింపించలేను. నా డబ్బు వద్దని పంతం పట్టకు, నెలనెలా పంపేది పంపుతాను. అది అప్పు అనుకుంటే అరువు పుస్తకంలో నా పేరు మీద రాసుకో.

ఒక్కటి మాత్రం. గుమ్మం మీద టీ కంపెనీవాళ్ళు కొట్టిన ఆ రేకు బోర్డు. నాకు ఊహ తెలిసేటప్పటికే దాని మీద అక్షరాలు పోయాయి, ఎరుపు మిగిలింది. అది ఏ టీ పొడో ఊళ్ళో ఎవరికీ తెలియదు, నువ్వు రెండుసార్లు రెండు పేర్లు చెప్పావు. కొట్టుకి నువ్వు పెట్టిన లక్ష్మీ గణపతి పేరూ ఎవరికీ తెలియదు. పోస్టుమాన్‌తో సహా అందరికీ ఎర్ర బోర్డు కొట్టే. దాన్ని పాత సామాన్లవాడికి వేయకు. కిలో లెక్కన ఎంతిస్తాడో అంతకి రెట్టింపు నేనిస్తాను, ఖాతాలో రాయి. దించేటప్పుడు నువ్వు ఎక్కకు, చిన్నిగాడిని ఎక్కమను. మేకులు తుప్పు పట్టి ఉంటాయి, చేతికి గుడ్డ చుట్టుకోమను.

దించి నా గదిలో మంచం కింద పెట్టు. జూన్లో వస్తున్నాను. టికెట్ ఇంకా తీయలేదు, ఈ వారం తీస్తాను. అమ్మకి కారప్పొడి సీసా కాదు, ఈసారి కవర్లో కట్టి పంపమని చెప్పు. పురికొసతో నువ్వు కట్టు.

నీ
అమ్మడు